గుండె లెక్కన పరుగు



హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు నెలాఖరు ప్రాంతంలో జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా దగ్గర తెల్లవారకముందే బయల్దేరిన జనం ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం చేరతారు. దూరం 42 కిలోమీటర్ల 195 మీటర్లు. కాస్తో కూస్తో పరుగు అలవాటున్న వాళ్లకైనా దీనికి తయారు కావడానికి 16 నుంచి 20 వారాలు పడుతుంది. ఆగస్టు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే, సాధన మొదలుపెట్టవలసిన రోజు ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో తేలుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఆ సాధన నడుమ వచ్చి కూర్చుంటుంది.

మారథాన్ సాధనకు దొరికే పట్టికలు చాలావరకు చలిదేశాల్లో తయారైనవి. ‘ఈ రోజు 10 కిలోమీటర్లు, కిలోమీటరుకు 6 నిమిషాలు’ అని అందులో రాసి ఉంటుంది. లండన్‌లో మార్చి నెల చలికి సరిపోయిన ఆ వేగం, మే నెలలో మన ఊళ్లో గుండెకు మోయలేని బరువు కావచ్చు. రోడ్డు మీద కిలోమీటర్లూ నిమిషాలూ అవే అయినా, లోపల జరిగే శ్రమ వేరు. అందుకే మన దగ్గర పరుగును నిమిషాలతో కాక గుండె వేగంతో కొలుచుకోవడం మేలు. ఆ కొలత ఎలా తీసుకోవాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అన్నది ఈ పూట చెప్పుకుందాం. మధ్యలో చిన్న లెక్క ఒకటి వెయ్యాలి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు గుండె చేసే పని చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం ముందుకు తోస్తుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే దాదాపు 5 లీటర్లు. అంటే ఒంట్లో ఉన్న రక్తమంత నిమిషానికోసారి గుండెలోంచి పోతుందన్నమాట. పరుగు మొదలుపెట్టగానే కాళ్ల కండరాలకు ఆక్సిజన్ కావాలి. అప్పుడు మామూలు ఆరోగ్యవంతుడి గుండె నిమిషానికి 20 లీటర్ల దాకా పంపగలదు. ఏళ్ల తరబడి సాధన చేసిన మేటి క్రీడాకారుల గుండె 35 లీటర్లు కూడా పంపుతుంది.

ఇంత తేడా ఎలా వచ్చింది? మేటి క్రీడాకారుడి గుండె మన గుండెకంటే ఎక్కువసార్లు కొట్టుకోదు. కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని తోస్తుంది. సాధన వల్ల గుండెలోని ఎడమ గది కాస్త విశాలమవుతుంది, దాని గోడ బలపడుతుంది, ఒంట్లో రక్తం పరిమాణం కూడా పెరుగుతుంది. 1899లోనే స్వీడన్ వైద్యుడు హెన్షెన్, స్కీ పందేల్లో పాల్గొనేవాళ్ల ఛాతీని వేళ్లతో తట్టి చూసి, వాళ్ల గుండెలు పెద్దవిగా ఉన్నాయని రాశాడు. అలాంటి గుండెకు విశ్రాంతి వేళ అన్నిసార్లు కొట్టుకోవలసిన పని ఉండదు. పెద్దవాళ్లలో మామూలుగా నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉండే నాడి, ఏళ్లుగా పరుగెత్తేవాళ్లలో 50కి, కొందరిలో 40కి దిగుతుంది.

ఇలాంటి గుండె కావాలంటే గట్టిగా, ఆయాసపడుతూ, చొక్కా పిండుకునేలా పరుగెత్తాలని చాలామంది అనుకుంటారు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ పొద్దున్నే వెళ్లి చూడండి. ‘ఇవాళ పేస్ ఎంత అన్నా?’ అన్న ప్రశ్న వినిపించినంతగా గుండె గురించిన ప్రశ్న వినిపించదు. ఎంత వేగంగా వెళితే అంత మంచిదన్న నమ్మకం ఆ ప్రశ్న వెనక ఉంది. మారథాన్ విషయంలో ఆ నమ్మకం నిలవదు. ఎందుకో ఇంధనం లెక్క చూస్తే తెలుస్తుంది.

పరుగెత్తేటప్పుడు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషి 42 కిలోమీటర్లు పరుగెత్తాలంటే 2500 కేలరీలు కావాలి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములు ఉంటుంది. దాని నుంచి వచ్చేది మహా అయితే 2000 కేలరీలు. అంటే దారిలోనే నిల్వ అయిపోతుంది. సాధారణంగా 30 కిలోమీటర్లు దాటాక ఈ కొరత తెలుస్తుంది. కాళ్లు మొరాయిస్తాయి, తల దిమ్మెక్కుతుంది, అప్పటిదాకా సాగిన మనిషి ఒక్కసారిగా నడకలోకి దిగుతాడు. పరుగువాళ్లు దీన్నే ‘వాల్ తగలడం’ అంటారు. 

కొవ్వు సంగతి అలా కాదు. సన్నగా కనిపించే మనిషి ఒంట్లో కూడా పదుల వేల కేలరీల కొవ్వు ఉంటుంది. అయితే కొవ్వును కరిగించడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, పని కూడా నెమ్మదిగా సాగుతుంది. వేగం పెరిగేకొద్దీ శరీరం కొవ్వును వదిలి గ్లైకోజెన్ మీద పడుతుంది. నెమ్మదిగా సాగితే కొవ్వు వాటా పెరుగుతుంది, గ్లైకోజెన్ ఆఖరిదాకా మిగులుతుంది. నెలల తరబడి నెమ్మది పరుగు చేస్తే కండరాలే మారతాయి. 1967లో అమెరికాలో జాన్ హాలోసీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాలపాటు ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి వాటి కాలి కండరాలను పరీక్షించాడు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల సామర్థ్యం దాదాపు రెట్టింపైంది. కండరాల్లో సన్నని రక్తకేశనాళికలు కూడా సాధనతో పెరుగుతాయి. ఇవన్నీ ఆయాసం లేని పరుగులోనే, గంటల తరబడి చేయగలిగిన పరుగులోనే బాగా పోగవుతాయి.

ప్రయోగశాలకంటే ముందే దీన్ని రోడ్డు మీద పట్టుకున్న మనిషి ఆర్థర్ లిడియార్డ్. న్యూజీలాండ్‌లో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, శిష్యులందరి చేతా వారానికి 160 కిలోమీటర్లు, ఊపిరి అందుతూ ఉండే వేగంతో పరుగెత్తించాడు. ఆ శిష్యుల్లో పీటర్ స్నెల్ ప్రధాన పందెం 800 మీటర్లే. అతన్ని కూడా ఆదివారాలు ఆక్లాండ్ శివార్లలోని కొండదారుల్లో 35 కిలోమీటర్లు తిప్పాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో బంగారు పతకాలు గెలిచారు. అదే ఒలింపిక్స్ మారథాన్‌లో బ్యారీ మాగీకి కంచు దక్కింది. ముగ్గురూ లిడియార్డ్ శిష్యులే. ఆ తర్వాత నార్వేలో ఉంటూ మేటి క్రీడాకారుల సాధనను పరిశీలించిన స్టీఫెన్ సైలర్, వాళ్లు చేసే సాధనలో పదికి ఎనిమిది వంతులు తేలిక వేగంలోనే ఉంటుందని తేల్చాడు. 

ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తేవాళ్లే తమ సాధనలో ఎక్కువ భాగం తగ్గి పరుగెత్తుతారు. మనం మాత్రం రోజూ రేసే పెట్టుకుంటాం. గుండె వేగం కొలవడం వల్ల అసలు లాభం ఇక్కడుంది. ఆ అంకె కొరడా కాదు, కళ్లెం. ‘ఇంకా వేగంగా వెళ్లు’ అనడానికంటే ‘ఇవాళ్టికి ఇది చాలు, తగ్గు’ అనడానికే అది ఎక్కువగా పనికొస్తుంది.

మరి ఎంత దగ్గర తగ్గాలి? ఇప్పుడు కాగితం తీయండి. 220 నుంచి మీ వయసు తీసేస్తే మీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం వస్తుందని చాలామంది విని ఉంటారు. జిమ్ గోడల మీద, ట్రెడ్‌మిల్ మీద కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. దాని పుట్టుక తెలిస్తే అంత గట్టిగా నమ్మబుద్ధి కాదు. 1971లో ఫాక్స్, హాస్కెల్ తదితర అమెరికా నిపుణులు, అప్పటికే వచ్చిన పరిశోధనల్లోని అంకెలను ఒకచోట చేర్చి, వాటి మీదుగా సుమారుగా ఒక గీత గీశారు. అదే ఈ సూత్రం. అందరికీ వర్తించే కొలతగా వాడాలని ప్రత్యేకంగా ప్రయోగం చేసి కట్టింది కాదు. 2001లో తనాకా బృందం మరింత సమాచారంతో ఇంకో సూత్రం ఇచ్చింది. వయసును 0.7తో గుణించి, దాన్ని 208 నుంచి తీసేయాలి. 40 ఏళ్లవాళ్లకు రెండు సూత్రాలూ 180 అనే చెబుతాయి. 60 ఏళ్లవాళ్లకు మొదటిది 160 అంటే రెండోది 166 అంటుంది. ఏ సూత్రమైనా సగటునే చెబుతుంది. ఒక్కో మనిషిలో పది పన్నెండు అటో ఇటో ఉండడం మామూలే, కొందరిలో అంతకన్నా ఎక్కువే తేడా ఉంటుంది. 

అందుచేత వయసు ఒక్కటే సరిపోదు, విశ్రాంతి వేళ నాడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫిన్లాండ్ వైద్యుడు మార్టీ కార్వోనెన్ 1957లో చేసిన పరిశోధన నుంచి వచ్చిన పద్ధతి ఇది. పొద్దున్న మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. నాలుగైదు రోజులు చూసి సగటు తీయండి. 

ఒక ఉదాహరణ వేద్దాం. వయసు 40, గరిష్ఠ వేగం 180, పొద్దుటి నాడి 70 అనుకోండి. 180లోంచి 70 తీస్తే 110. ఇది గుండె చేతిలో ఉన్న మిగులు. అందులో 60 శాతం 66, దానికి పొద్దుటి నాడి 70 కలిపితే 136. మళ్లీ 110లో 70 శాతం 77, దానికి 70 కలిపితే 147. అంటే ఈ మనిషి తేలిక పరుగు నిమిషానికి 136 నుంచి 147 మధ్య సాగాలి. మరోసారి చెబుతున్నాను, 136 నుంచి 147. అదే వయసు మనిషికి పొద్దుటి నాడి 50 ఉంటే ఆ హద్దులు 128, 141 అవుతాయి. ఒకే వయసువాళ్లయినా ఇద్దరికీ ఒకే అంకె పనికిరాదు. 

ఈ లెక్క వేసుకుని మొదటిసారి రోడ్డెక్కినవాళ్లకు చిరాకు వస్తుంది. కాస్త జోరందుకోగానే గడియారం 155 చూపిస్తుంది. తగ్గితే పరుగు జాగింగ్ అవుతుంది, ఇంకా తగ్గితే నడకే మిగులుతుంది. ఎత్తు వస్తే తప్పక నడవాలి. పక్కనుంచి పెద్దవాళ్లు దాటిపోతుంటారు. ఆ మొదటి నాలుగైదు వారాలు ఓర్చుకుంటే అదే 140 దగ్గర వేగం కొద్దికొద్దిగా పెరగడం కనిపిస్తుంది. సాధన ఫలిస్తోందనడానికి నమ్మదగిన గుర్తు అదే. 

అంకె మీద అనుమానం వస్తే మాటతో సరిచూసుకోండి. పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నారా? ఒంటరిగా పరుగెత్తుతుంటే చిన్నప్పుడు బళ్లో కంఠస్థం చేసిన వేమన పద్యం ఒకటి పైకి చదవండి. ఒక్కో పాదం ఊపిరి తెగకుండా పూర్తయితే మీరు తేలిక పరుగులో ఉన్నారు. పాదం మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే హద్దు దాటుతున్నారు. రెండు మూడు మాటలకు మించి రాకపోతే అది రేసు వేగం. గడియారం ఒక మాట, ఊపిరి ఇంకో మాట చెబితే ఊపిరినే నమ్మండి. 

ఇప్పుడు మన ఎండ సంగతి. పరుగెత్తే శరీరంలో పుట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే రక్తం చర్మం దాకా రావాలి, చెమట ఆరాలి. అంటే గుండె ఒకేసారి కాళ్లకూ చర్మానికీ రక్తం అందించాలి. మరోపక్క చెమటతో రక్తంలోని నీరు తగ్గిపోతుంది. కొట్టుకున్న ప్రతిసారీ తోసే రక్తం తగ్గుతుంది కాబట్టి గుండె మరిన్నిసార్లు కొట్టుకుంటుంది. మొదటి అరగంటలో 140 ఉన్న నాడి, వేగం ఏమాత్రం పెరగకపోయినా గంటన్నర తర్వాత 155కి చేరవచ్చు. శాస్త్రవేత్తలు దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు. చలిలో కూడా ఇది ఉంటుంది, ఎండలో మరీ ఎక్కువ.

మే నెలలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది, చెమట వెంటనే ఆరిపోతుంది. ఎంత నీరు పోయిందో తెలియకపోవడమే అక్కడి చిక్కు. విశాఖ ఆర్కే బీచ్‌లోనో, విజయవాడ కృష్ణ ఒడ్డునో గాలిలో తేమ ఎక్కువ. చెమట ధారగా కారుతుందే గాని ఆరదు, ఒళ్లు చల్లబడదు. అక్కడ ఉష్ణోగ్రత తక్కువ కనిపించినా గుండె వేగం ముందే పెరుగుతుంది. ఆగస్టులో, వానల మధ్య, హైదరాబాద్ పరిస్థితి కూడా ఇలాగే ఉంటుంది. ఎక్కడైనా చేయవలసింది ఒకటే. వేగాన్ని పట్టుకుని వేలాడకుండా గుండె వేగాన్ని హద్దులో ఉంచుకోవాలి. జనవరిలో కిలోమీటరుకు 7 నిమిషాలు పట్టిన పరుగుకు మేలో 8 నిమిషాలు పడితే దిగులుపడనక్కర్లేదు, శరీరానికి సాధన అందుతూనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటలకే బయల్దేరితే సూర్యుడు ఎక్కేలోపు ఇంటికి చేరవచ్చు. వేడికి అలవాటు పడడానికి శరీరానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. ఆ రోజుల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే పట్టడం మొదలవుతుంది, అదే వేగానికి నాడి కాస్త దిగుతుంది. 

కొలిచే పరికరాల గురించి రెండు మాటలు. ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో పనిచేసిన సెప్పో సైనాయకంగాస్, స్కీ క్రీడాకారుల సాధన కోసం గుండె వేగం కొలిచే పరికరం మీద పనిచేసి, 1977లో పోలార్ సంస్థను పెట్టాడు. ఛాతీకి కట్టిన పట్టీ నుంచి చేతి గడియారానికి వైరు లేకుండా అంకె చేరే పరికరం 1982లో బయటికొచ్చింది. మన శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేసి, నలభై ఏళ్లకు పైగా నిలిచిన జాతీయ రికార్డు నెలకొల్పేనాటికి ఇలాంటి గడియారం పుట్టనే లేదు. ఆయన కాళ్లకు బూట్లు కూడా వేసుకోకుండా పరుగెత్తేవాడు. కాబట్టి పరికరం లేదని సాధన ఆపనక్కర్లేదు. ఊరి స్కూలు గ్రౌండులో పరుగెత్తేవాళ్లు ఆగిన వెంటనే 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే చాలు. ఆలస్యం చేస్తే నాడి దిగిపోతుంది, లెక్క తప్పుతుంది.

స్మార్ట్‌వాచ్ ఉన్నవాళ్లు దాని లోపం కూడా తెలుసుకోవాలి. ఆ గడియారం వెనక మెరిసే పచ్చని వెలుగు చర్మంలోకి వెళ్లి, రక్తం పొంగినప్పుడల్లా కాస్త ఎక్కువగా అక్కడే ఆగిపోతుంది. తిరిగి వచ్చే వెలుగులోని హెచ్చుతగ్గులను బట్టి గడియారం నాడిని లెక్కిస్తుంది. పరుగులో చెయ్యి ఊగుతుంది, గడియారం కదులుతుంది, చెమట పడుతుంది. అప్పుడు అది నాడికి బదులు మీ అడుగులను లెక్కపెట్టవచ్చు. పరుగులో నిమిషానికి 160 నుంచి 180 అడుగులు పడతాయి. తేలిగ్గా మాట్లాడుతూ సాగుతున్నప్పుడు గడియారం ఉన్నట్టుండి 170 చూపించిందంటే కంగారుపడకుండా ముందు ఈ సంగతి అనుమానించండి. గడియారాన్ని మణికట్టు ఎముక మీద కాక, దానికి రెండు వేళ్లు పైన, కదలకుండా బిగించి పెట్టుకోవాలి. ఛాతీ పట్టీ గుండె విద్యుత్తునే నేరుగా పట్టుకుంటుంది కాబట్టి దాని లెక్క నికరం. పెట్టుకునే ముందు లోపలి వైపు నీళ్లతో తడపాలి, అంతే.

వారం పట్టిక ఎలా ఉండాలి? ఉద్యోగాలు, ఇల్లు చూసుకునే వాళ్లకు వారానికి నాలుగు రోజుల పరుగు చాలు. రెండు రోజులు తేలికగా ముప్పావు గంట, గంట. ఒక రోజు కాస్త వేగంగా. ముందు పావుగంట ఒళ్లు వేడెక్కించి, మాట కష్టమయ్యే వేగంతో ఐదేసి నిమిషాలు మూడు నాలుగు సార్లు, మధ్యలో రెండు నిమిషాల నడక. ఆదివారం పొద్దున్న లాంగ్ రన్. రెండు గంటలైనా మూడు గంటలైనా గుండె తేలిక హద్దులోనే ఉండాలి. దాన్ని వారానికి ఒకటి రెండు కిలోమీటర్ల చొప్పున పెంచుకుంటూ పోయి, మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించాలి. రేసుకు మూడు వారాల ముందు 30, 32 కిలోమీటర్ల దగ్గర ఆపి, అక్కడి నుంచి దూరం తగ్గించుకుంటూ రావాలి. 42 కిలోమీటర్లు ముందే పరుగెత్తి చూడాలనే సరదా వద్దు. దాని నుంచి కోలుకోవడానికి పట్టే రోజులు సాధనను మింగేస్తాయి. మిగతా మూడు రోజుల్లో ఒక రోజు గుంజీలు, మెట్లు ఎక్కడం లాంటి కాళ్ల బలం పెంచే వ్యాయామం, తక్కిన రెండు రోజులు విశ్రాంతి.

పొద్దుటి నాడిని రోజూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. మామూలుగా 62 ఉండేది ఒక రోజు 70 కనిపిస్తే నిద్ర చాలలేదేమో, నిన్నటి అలసట తీరలేదేమో, జ్వరం వస్తోందేమో ఆలోచించాలి. ఆ రోజు పట్టికలో ఏమున్నా సరే, నడకతో సరిపెట్టండి. జ్వరం ఉన్నప్పుడు పరుగు అసలే వద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి కూడా సోకుతాయి, ఆ సమయంలో శ్రమ పెడితే ప్రమాదం. 

ఆడవాళ్లకు మరో మాట. ఎంత నెమ్మదిగా పరుగెత్తినా నాడి ఎక్కువే ఉంటోందా, వారాలు గడిచినా దిగడం లేదా? ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గితే ఆ లోటును గుండె ఎక్కువసార్లు కొట్టుకుని పూడుస్తుంది. థైరాయిడ్ ఎక్కువైనా నాడి ఇలాగే పరుగెడుతుంది. ఇలాంటప్పుడు సాధన పెంచడం కాదు, చికిత్స ముందు.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకు ఇందాక వేసిన లెక్క పనికిరాదు. ఆ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. గడియారం 115 చూపిస్తున్నా లోపల శ్రమ చాలా ఎక్కువ ఉండవచ్చు. వాళ్లు ఊపిరినే కొలతగా పెట్టుకోవాలి. పరుగు కోసమని డాక్టరుకు చెప్పకుండా మాత్ర మానడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. షుగరు, బీపీ, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు, 40 దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు డాక్టరును కలవాలి. పరుగులో ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా, కళ్లు తిరిగినా, నాడి లయ తప్పినట్టు అనిపించినా వెంటనే ఆగండి. కాసేపు ఆగి మళ్లీ చూద్దామన్న ఆలోచన వద్దు, 108కి ఫోన్ చేయండి. 

ఇది విని భయపడవలసిన పని లేదు. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో మారథాన్లు, హాఫ్ మారథాన్లలో పాల్గొన్న కోటీ 9 లక్షల మంది వివరాలు తీస్తే, గుండె ఆగిన ఘటనలు 59. అంటే సుమారు లక్షా 84 వేల మందికి ఒకటి. ఆ కొద్దిమందిలోనూ చాలామందికి గుండె కండరం మందమయ్యే జబ్బో, రక్తనాళాల్లో పూడికో ముందే ఉంది. ముందే పరీక్ష చేయించుకోమని చెప్పేది అందుకే.

ఇక రేసు రోజు. మొదలయ్యే గీత దగ్గర నిలబడ్డప్పుడే, ఒక్క అడుగు వేయకముందే, నాడి 100 దాటి ఉంటుంది. జనం, మైకు, పాటలు, ఉత్సాహం. మొదటి రెండు మూడు కిలోమీటర్ల అంకెను పట్టించుకోకండి, మాట్లాడగలుగుతున్నారో లేదో చూసుకోండి చాలు. ఆ తర్వాత 30 కిలోమీటర్ల దాకా తేలిక హద్దు పైఅంచుకు పది మించకుండా సాగండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేయండి, అవసరమైతే నడవండి. ఎక్కేటప్పుడు పోగొట్టుకున్న గ్లైకోజెన్ దిగేటప్పుడు తిరిగి రాదు. ఐదారు కిలోమీటర్లకోసారి అరటిపండు ముక్కో, ఖర్జూరమో, సాధనలో అలవాటైన జెల్లో తీసుకోండి. రేసు రోజున కొత్త తిండి ప్రయోగం చేయకూడదు. 

నీళ్ల విషయంలో రెండు వైపులా జాగ్రత్త కావాలి. ఎండకు భయపడి కనిపించిన ప్రతి స్టాల్ దగ్గరా సీసాలకు సీసాలు తాగేవాళ్లున్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన దానికంటే తగ్గిపోయింది. ఎక్కువ నీళ్లు తాగి, పరుగు మొదలుపెట్టినప్పటికంటే బరువు పెరిగి చేరినవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపించింది. సోడియం మరీ తగ్గితే ప్రాణానికే ముప్పు. దాహాన్ని బట్టి తాగండి, ఉత్త నీళ్లతో పాటు ఓఆర్ఎస్ కూడా తీసుకోండి. 30 దాటాక ఎండ, అలసట, చెమట కలిసి నాడిని ఎలాగూ పైకి లాగుతాయి. అక్కడ ఇక అంకె చూసి లాభం లేదు. నాలుగు నెలలు సాధన చేసిన శరీరం ఎంతవరకు సాగగలదో ఊపిరికి, కాళ్లకు తెలుస్తుంది.

చివరగా ఒక మాట. లండన్‌లో మొదటిసారి మారథాన్‌కు సిద్ధమైన 138 మందిని దాదాపు ఆరు నెలలపాటు పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు మేటి క్రీడాకారులు కారు, మామూలు మనుషులే. రేసు అయ్యేసరికి వాళ్ల రక్తపోటు తగ్గింది, గుండె నుంచి బయల్దేరే మహాధమని బిరుసు తగ్గి సుమారు నాలుగేళ్లు వయసు వెనక్కి మళ్లినంత మెత్తబడింది. అందరికంటే ఎక్కువ మేలు పొందినవాళ్లు పెద్దవయసు మగవాళ్లు, నెమ్మదిగా పరుగు పూర్తిచేసినవాళ్లు. ఆ మేలు ఫినిష్ లైన్ దగ్గర ఇచ్చే మెడల్‌తో రాలేదు, అంతకుముందు నెలల్లో ఓపిగ్గా చేసిన సాధనతో వచ్చింది. మీరు ఆగస్టులో గచ్చిబౌలి చేరినా, పది కిలోమీటర్ల దగ్గరే ఆగినా ఆ సాధన మీ గుండెకు అంది తీరుతుంది. రేపు పొద్దున్న మంచం దిగకముందు నాడి ఒకసారి లెక్కపెట్టి, కాగితం మీద రాసిపెట్టుకోండి. మీ సాధనలో మొదటి రోజు అదే.